తీగకు లయ నేర్పిన రైతుబిడ్డ – ఎమిల్ బోదో

మహనీయుల పేర్లను కొలమానములకు పెట్టి వారి స్మృతిని నిలుపుకొనుట విజ్ఞానలోకమున ఒక సంప్రదాయము. ఇటలీ దేశస్థుడైన వోల్టా పేర వోల్టు, ఫ్రెంచి పండితుడైన ఆంపియర్ పేర ఆంపియరు, స్కాట్లండు యంత్రశిల్పియైన వాట్ పేర వాటు వచ్చినవి. ఈ కోవకు చెందినదే ‘బాడ్’ అను మాట. టెలిఫోను తీగ మీదుగా ఒక కంప్యూటరునుండి మరొక కంప్యూటరుకు సమాచారము పంపు మోడెమ్ అను పరికరము విరివిగా వాడుకలోనున్న కాలమున, దాని వేగమును 300 బాడ్, 1200 బాడ్, 2400 బాడ్ అని చెప్పుకొనెడివారు. అది ఒక మనుష్యుని పేరునుండి పుట్టిన మాటయని ఎరిగినవారు మాత్రము బహు కొద్దిమంది.

ఆ మనుష్యుడు ఫ్రాన్సు దేశపు తంతి శాఖలో పనిచేసిన ఎమిల్ బోదో. ఆయన విశ్వవిద్యాలయపు గడప త్రొక్కినవాడు కాడు. పొలములో పనిచేసి, చిన్న ఉద్యోగములో చేరి, తీరిక వేళలలో కృషిచేసి, ఒక్క తీగపై పలువురి వార్తలను ఒకే కాలమున నడిపించినవాడు. ఆయన జీవితమును, ఆయన కల్పించిన పద్ధతిని, ఆ పద్ధతిలోని చిక్కులే నూరేండ్ల తరువాత మోడెమ్ వాడినవారికి మరల ఎదురైన తీరును మన విద్యార్థినీ విద్యార్థులకు పరిచయము చేయుటయే మా ఉద్దేశము.

బాల్యము – ఉద్యోగము

బోదో 1845వ సంవత్సరము సెప్టెంబరు 11వ తేదీన ఫ్రాన్సు ఈశాన్య భాగమునగల ఓత్-మార్న్ జిల్లాలో మాన్యో అను పల్లెయందు జన్మించినాడు. తండ్రి వ్యవసాయదారుడు, తరువాతి కాలమున ఆ గ్రామమునకే మేయరు అయినాడు. కుమారుని చదువు ఊరి ప్రాథమిక పాఠశాలతోనే ముగిసినది. అటుపిమ్మట ఆ బాలుడు తండ్రితోపాటు పొలము పనులలో నిమగ్నుడైనాడు.

1869లో బోదో ఫ్రెంచి తపాలా తంతి శాఖలో అప్రెంటిసుగా చేరినాడు. శాఖవారు ఆయనకు మోర్స్ పద్ధతిని నేర్పినారు. తరువాత హ్యూస్ యంత్రముపై నాలుగు మాసముల శిక్షణ ఇప్పించినారు. ఆ నాలుగు మాసముల శిక్షణయే ఆయన జీవితమును మార్చినది. ఇంతలో ఫ్రాన్సునకు, ప్రష్యాకు 1870లో యుద్ధము వచ్చినది. బోదో కొంతకాలము సైన్యములో సేవచేసి, 1872లో పారిస్ నగరమున తన ఉద్యోగమునకు తిరిగివచ్చినాడు. ఉద్యోగములో చేరిన కొలది కాలమునకే ఆయనను అనారోగ్యము పట్టుకొన్నది. ఒక్కొక్కప్పుడు మాసము వరకు కూడ పనికి రాలేకపోయెడివాడు. ఆ రుగ్మత ఆయనను జీవితాంతము విడువలేదు.

ఖాళీగా నిలిచిన తీగ

ఆనాడు పారిస్ తంతి కార్యాలయములలో ప్రధానముగా రెండు పద్ధతులు నడుచుచుండెను. మొదటిది మోర్స్ పద్ధతి. అందులో అక్షరములన్నియు చుక్కలు, గీతలు. ఒక అక్షరమునకు ఒక్క చుక్క చాలును, మరొక దానికి నాలుగు సంజ్ఞలు కావలెను, అంకెకు అయిదు. ఆవలి ఉద్యోగి వానిని చదివి మామూలు అక్షరములలోనికి మార్చి వ్రాయవలెను. నైపుణ్యమంతయు మనుష్యునిదే.

రెండవది హ్యూస్ యంత్రము. దీనికి హార్మోనియము మెట్లవంటి 28 మీటలుండెను. పంపువాని యంత్రములోను, అందుకొనువాని యంత్రములోను అక్షరములు చెక్కిన చక్రములు రెండు సమాన వేగముతో తిరుగుచుండును. కోరిన అక్షరము సరియైన స్థానమునకు వచ్చిన క్షణమున తీగపై ఒక్క విద్యుత్ తాకిడి పోవును. ఆవల అదే అక్షరము కాగితముపై అచ్చుపడును. చూచుటకు ముచ్చటైన యంత్రమే. కాని ఒక అక్షరమునకు, మరొక అక్షరమునకు మధ్య తీగ ఊరకే నిలిచియుండును.

బోదో దృష్టి ఈ లోపముపై నిలిచినది. నగరమునుండి నగరమునకు వందల కిలోమీటర్లు తీగలాగుట ఎంతో ఖర్చుతో కూడిన పని. అంత ఖరీదైన తీగ అధిక కాలము ఖాళీగా నుండుట ఆయనకు సహింపరాని వృథాగా తోచినది. మన ప్రాంతములలో చెరువు క్రింది రైతులు కాలువ నీటిని వంతులు వేసికొని పారించుకొందురు. ఒకరి మడి తడిసిన వెంటనే ఇంకొకరి మడికి నీరు మళ్ళును. కాలువ మాత్రము ఒక్కటే. తీగనుకూడ ఇట్లే వంతులకు ఇచ్చినచో పలువురు ఉద్యోగులు ఒకే తీగపై పనిచేయవచ్చును. ఈ ఆలోచనను ఆచరణలో పెట్ట యత్నించినవారిలో మెయెర్ అను ఫ్రెంచి తంతి ఉద్యోగి బోదోకంటె ముందున్నాడు. అయితే ఆయన వంతులు వేసినది మోర్స్ సంజ్ఞలకు. అక్షరమునకొక పొడవుగల సంజ్ఞలను సమానమైన వంతులలో ఇముడ్చుట కష్టము.

అయిదు మీటల భాష

వంతు సమానము కావలెనన్నచో అక్షరములు కూడ సమానమైన కొలతలో ఉండవలెను. ఇది గ్రహించి బోదో ప్రతి అక్షరమునకును సరిగా అయిదు సంజ్ఞలను కేటాయించినాడు. ప్రతి సంజ్ఞ ఒకే నిడివి గలది. ప్రతి దానికి రెండే స్థితులు. రెండును అయిదుమారులు హెచ్చవేసినచో 32 వచ్చును. కనుక అయిదు సంజ్ఞలతో 32 విధముల కూర్పులు సిద్ధించును. రోమను అక్షరములకు అవి చాలును. అంకెలకు, విరామ చిహ్నములకు చోటు కావలెను గనుక, ఇకమీదట వచ్చునవి అక్షరములు, ఇకమీదట వచ్చునవి అంకెలు అని తెలుపు రెండు ప్రత్యేకమైన కూర్పులను ఆయన ఏర్పరచినాడు. ఆ విధముగా ఒకే కూర్పు సందర్భమునుబట్టి ఒకప్పుడు అక్షరమగును, మరొకప్పుడు అంకెయగును.

పంపు యంత్రమునకు అయిదే మీటలు. మూడు కుడిచేతి వ్రేళ్ళకు, రెండు ఎడమచేతి వ్రేళ్ళకు. అచ్చులన్నియు కుడిచేతి మూడు మీటలలోనే ఇమిడిపోవునట్లు అమర్చుట ఆయన చతురత. భాషను అచ్చులుగా, హల్లులుగా విభజించి నేర్చుకొన్న మనకు ఈ అమరికలోని సొగసు ఇట్టే బోధపడును.

అక్షరములను రెండు స్థితుల సంజ్ఞల అయిదింటి కూర్పుగా వ్రాయవచ్చునను భావము బోదోకు పూర్వముననే కలదు. ఆంగ్ల తత్త్వవేత్త ఫ్రాన్సిస్ బేకన్ గూఢలిపికొరకు దానిని వాడి 1623లో ప్రకటించినాడు. జర్మనీలో గౌస్, వెబర్ అను పండితులు 1830వ దశకమున తమ తంతి ప్రయోగములలో వాడినారు. గౌస్, వెబర్ల కూర్పును, హ్యూస్ అచ్చు యంత్రమును, మెయెర్ వంతుల పద్ధతిని ఏకముచేసి, పగలు రేయి పనిచేయగల వ్యవస్థగా నిలబెట్టుట బోదో ఘనత. ఆయన 1874లో దానికి పేటెంటు పొందినాడు. శాఖవారు ప్రోత్సహించినారే కాని, పరిశోధన యావత్తు ఆయన తన సొంత సమయమున చేసికొనవలసివచ్చినది.

ఇరువైపుల ఒకే లయ

ఈ వ్యవస్థకు ప్రాణము లయ. తీగకు రెండు చివరల రెండు పంపిణీ యంత్రములుండును. ఒక్కొక్క దానిలో వలయాకారముగా అమర్చిన లోహపు బిళ్ళలపై ఒక కుంచె తిరుగుచుండును. కుంచె మొదటి అయిదు బిళ్ళలపై నడుచునపుడు తీగ మొదటి ఉద్యోగిది. తరువాతి అయిదింటిపై నడుచునపుడు రెండవవానిది. పారిస్‌లో కుంచె మొదటివాని వంతులో ఉండగా బోర్దోలో కుంచె రెండవవాని వంతులోనికి జారినచో, ఒకరి వార్త మరొకరి బల్లపై అచ్చగును. కోలాటమున ఒకరు అడుగు తప్పినచో కోలలు కోలలకు తగులక గాలిని కొట్టునుగదా! అట్లుకాకుండ ప్రతి చుట్టునందును ఒక దిద్దుబాటు సంజ్ఞను పంపి రెండు కుంచెలను మరల కలుపుచుండెడివారు. తప్పు పెరిగిన పిదప దిద్దుటకాక, పెరుగకమునుపే ప్రతి చుట్టునందును దిద్దుట ఇందలి విశేషము.

యంత్రమునకేకాక మనుష్యునికి కూడ ఈ లయ తప్పనిసరియైనది. ఉద్యోగి అయిదు మీటలలో కావలసినవి నొక్కగానే అవి అట్లే బిగిసిపోవును. కుంచె అతని వంతుమీదుగా దాటిన తరువాత టక్కుమను చప్పుడుతో విడివడును. ఆ చప్పుడే తరువాతి అక్షరమునకు పిలుపు. తొందరపడినను, ఆలసించినను పని చెడును. కుంచె నిమిషమునకు 180 చుట్లు తిరిగినచో ఒక్కొక్క ఉద్యోగి నిమిషమునకు 180 అక్షరములు, అనగా సుమారు 30 మాటలు పంపగలడు. నలుగురు కూర్చున్నచో ఒక్క తీగపై నిమిషమునకు 120 మాటలు పోవును. సంజ్ఞల లెక్కన చూచినచో సెకనుకు మూడు చుట్లు, చుట్టునకు నాలుగు అక్షరములు, అక్షరమునకు అయిదు సంజ్ఞలు. వెరసి సెకనుకు 60 సంజ్ఞలు. దిద్దుబాటు సంజ్ఞలు దీనికి అదనము. ఈ లెక్కను మన పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాము. మోడెము వేగమును లెక్కించునది ఈ త్రాసుతోనే.

కీర్తి, కష్టము

1877 నవంబరు 12వ తేదీన పారిస్ – బోర్దో నగరముల నడుమ బోదో పద్ధతి తొలిసారిగా నడిచినది. మరుసటి సంవత్సరము పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనమున ఆయన యంత్రమునకు బంగారు పతకము లభించినది. దేశదేశముల ఇంజనీర్లు ఆయన పేరు విన్నారు. 1880లో కంట్రోలరుగాను, 1882లో ఇన్‌స్పెక్టర్-ఇంజనీరుగాను ఆయనకు పదోన్నతి కలిగినది.

అయితే కీర్తి వచ్చినంతగా ధనము రాలేదు. శాఖనుండి ఆయన పరిశోధనకు లభించిన సహాయము స్వల్పము. చాలవరకు స్వంత సొమ్మునే వెచ్చించవలసివచ్చినది. చివరకు 1880లో, ప్రపంచ ప్రదర్శనమున తనకు వచ్చిన బంగారు పతకమును అమ్ముకొని ఆ సొమ్ముతో పని సాగించినాడు. లోకము చేసిన సన్మానమును కరగించి పనిముట్లకు వ్యయపరచిన ఈ ఉదంతము ఆయన స్వభావమును తెలుపుచున్నది.

మిమో వివాదము

ధనాభావమునకు తోడు మరొక క్లేశము కలిగినది. లూయీ విక్టర్ మిమో అను మరొక తంతి ఉద్యోగి 1874లోనే ఒక పద్ధతికి పేటెంటు పొందినాడు. అందులో అయిదు వేరువేరు తీగలు వాడబడినవి. శాఖవారు దానిని అంగీకరింపలేదు. మిమో దానిని మార్చి మరల పేటెంటు తీసికొన్నాడు. కాని అంతకు కొలది వారములకు ముందే బోదో పేటెంటు దాఖలైనది. ఈ భావము మొదట నాదియని మిమో 1877లో దావా వేసినాడు. న్యాయస్థానము మొదట మిమోకే ప్రాథమ్యమిచ్చి, బోదోవి కేవలము మెరుగులని తీర్పు చెప్పినది. ఆ తీర్పు ఇరువురకును తృప్తి కలిగింపలేదు. తుదకు అది రద్దయి, ఖర్చులన్నియు మిమోయే చెల్లింపవలసినదని నిర్ణయమైనది.

ఈ దెబ్బతో మిమో మనస్సు చెదరినది. ధనమును, బిరుదును, పేటెంటు గడువు పొడిగింపును కోరుచు అతడు ప్రభుత్వమును వేధించినాడు. తంతి శాఖలో పరిశోధనకు అధిపతిగానున్న జూల్ రేనో అధ్యక్షతన ఒక సంఘము విచారించి ఆ కోరికలను త్రోసిపుచ్చినది. మిమో రేనోను తుపాకితో కాల్చి చంపినాడు. అతనికి కఠిన శిక్ష పడినది. ఒక నిండు ప్రాణము పోయినది; ఒక ప్రతిభావంతుని జీవితము నశించినది. వారు కలహించిన అయిదు సంజ్ఞల భావమో, వారిరువురికంటెను పాతది. విజ్ఞానచరిత్రలో మొదటివాడెవడను ప్రశ్న ఎంత క్రూరముగా పరిణమింపగలదో ఈ కథ తెలుపుచున్నది.

చివరి సంవత్సరములు

బోదో ఈ గాలివానలో తన పనిని వదలలేదు. 1887 జూలైలో అట్లాంటిక్ మహాసముద్రపు కేబులుపై తన యంత్రములను పరీక్షించి విజయము సాధించినాడు. 1890 జనవరి 15న వివాహమాడినాడు. అదే సంవత్సరము ఆగస్టులో పారిస్, వాన్, లోరియాఁ పట్టణములు మూడింటిని ఒకే తీగపై కలిపినాడు. 1894లో పారిస్ షేరుమార్కెటును, ఇటలీలోని మిలాను షేరుమార్కెటును ఒక్క తీగతో జోడించినాడు. 1897లో ఆయన పద్ధతికి రంధ్రములు పొడిచిన కాగితపు పట్టీ వచ్చి చేరినది. ముందుగా తీరికగా పట్టీపై రంధ్రములు పొడిచియుంచుకొని, వంతు వచ్చినపుడు యంత్రముచేత పంపించుట సాధ్యమైనది. ముందే సిద్ధముచేసిన సమాచారమును మొత్తముగా ఒక చోటినుండి మరొక చోటికి పంపుటయనగా, నేటి భాషలో ఫైలు పంపుటయే కదా!

ఇటలీ, హాలండు, స్విట్జర్లండు, ఆస్ట్రియా, బ్రెజిల్ మొదలైన దేశములు ఆయన జీవితకాలముననే ఈ పద్ధతిని స్వీకరించినవి. ఎమిల్ బోదో 1903 మార్చి 28న, తన 57వ యేట, పారిస్ సమీపమున సో అను పట్టణములో కన్నుమూసినాడు.

బాడ్ – ఒక కొలమానము

బోదో అక్షరసంకేతము ఆయనతో నిలిచిపోలేదు. న్యూజిలాండునకు చెందిన డొనాల్డ్ మరీ 1901 ప్రాంతమున దాని క్రమమును మార్చి, టైపు మిషను మీటలకు అనుకూలింపజేసినాడు. టెలిప్రింటర్లు నడిచిన అంతర్జాతీయ సంకేతము దీనినుండి వచ్చినదే. అయినను జనులు దానిని బోదో సంకేతమనియే పిలిచిరి. 1920వ దశకమున అంతర్జాతీయ తంతి సంప్రదింపులలో సంజ్ఞల వేగమునకు ఒక ప్రమాణము కావలసివచ్చినపుడు దానికి బోదో పేరు పెట్టినారు. సెకనుకు ఒక సంజ్ఞ ఒక బాడ్.

ఇచ్చట ఒక సాధారణమైన భ్రాంతిని తొలగింపవలసియున్నది. బాడ్ అనగా సెకనుకు ఎన్ని బిట్లు అని కాదు. తీగపై సంజ్ఞ సెకనుకు ఎన్నిమారులు మారవచ్చునో ఆ సంఖ్య. ఒక సంజ్ఞ ఒకే బిట్టును మోయునపుడు రెండును సమానము. 1962లో అమెరికాలో వచ్చిన బెల్ 103 మోడెము విషయమున 300 బాడ్, 300 బిట్లు ఒకటియే. కాని తరువాతి మోడెములు ఒక్కొక్క సంజ్ఞలో ఎక్కువ బిట్లను ఇమిడ్చినవి. 2400 బిట్ల మోడెము నిజమునకు 600 బాడ్ మాత్రమే. దాని ఒక్కొక్క సంజ్ఞ నాలుగు బిట్లను మోయును.

బోదో సంకేతము మోడెములో నిలిచి చేసిన ఒక మహోపకారమును చెప్పక తప్పదు. టెలిఫోను పుట్టిన నాటినుండి బధిరులకు అది ఎడమైన వస్తువే. తానును బధిరుడైన అమెరికా భౌతికశాస్త్రజ్ఞుడు రాబర్ట్ వైట్‌బ్రెక్ట్ 1964లో పాత టెలిప్రింటర్లకు ఒక ధ్వని మోడెమును జతచేసినాడు. టెలిఫోను చేతిగొట్టమును దానిపై ఉంచినచో, అక్షరములు ధ్వనులుగా మారి తీగమీద నడిచి, ఆవల కాగితముపై అచ్చగును. అది నడిచినది అయిదు సంజ్ఞల సంకేతముతో, 45.45 బాడ్ వేగముతో. మాట వినలేనివారు ఆ విధముగా తమంత తాముగా టెలిఫోనులో సంభాషింపగలిగినారు.

మోడెము తీగపై తప్పిన ఒప్పందములు

భారతదేశమున సామాన్య ప్రజలకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న లభించినది. తరువాతి సుమారు పదేండ్లు మనవారు దానిని అందుకొన్నది ఎక్కువగా టెలిఫోను తీగపై మోడెముతోనే. అంతకుముందే ప్రపంచమున ఎందరో మోడెముద్వారా ఒక కంప్యూటరునుండి మరొక దానికి నేరుగా ఫైళ్ళు పంపుకొనెడివారు. ఆ పనిలో వచ్చిన ఇక్కట్లను పరిశీలించినచో, అవి ఎక్కువగా బోదో బల్లమీద పుట్టినవే. తీగకు భాష రాదు. అది సంజ్ఞను మోయును, అంతే. అర్థము ఇరువైపులవారు ముందుగా చేసికొన్న ఒప్పందములో ఉన్నది. కనుక పని చెడినపుడు తప్పిన ఒప్పందమేదియని వెదకవలెను.

మొదటిది వేగపు ఒప్పందము. కలిసినది మొదలు తెరపై అర్థములేని గుర్తులే వచ్చుచున్నచో, ఇరు కంప్యూటర్లు వేరు వేగములకు సిద్ధము చేయబడినవని ముందుగా అనుమానింపవలెను. ఇది పారిస్ కుంచె, బోర్దో కుంచె లయ తప్పినట్టిదే.

రెండవది లెక్క ఒప్పందము. ఒక అక్షరమునకు ఏడు బిట్లా, ఎనిమిదా? తప్పు పట్టుటకు వాడు సరిబేసి బిట్టు ఉన్నదా, లేదా? ఇందులో తేడా వచ్చినచో కొన్ని అక్షరములు సరిగాను, కొన్ని వికారముగాను కనిపించును.

మూడవది భావపు ఒప్పందము. బోదో పద్ధతిలో ‘ఇకమీదట అంకెలు’ అను ఒక్క కూర్పు తీగపై చెడిపోయినచో, తరువాతి వార్తయంతయు సంకేతములు సరిగానే చేరియు తలక్రిందులగును. మోడెములో దీనికి సాటి, కార్యక్రమపు ఫైలును వ్రాతఫైలుగా పంపుట. కొన్ని యంత్రములు వ్రాతలో వరుస ముగింపు గుర్తులను తమ అలవాటు ప్రకారము మార్చుకొనును. వ్రాతకు అది మేలు, కార్యక్రమమునకు మృత్యువు. ఫైలు చేరును, కాని పనిచేయదు. అట్లే కొన్ని గుర్తులను మోడెము ‘ఆగుము’, ‘సాగుము’ అను ఆజ్ఞలుగా భావించును. అవే గుర్తులు ఫైలు నడుమ వచ్చినచో పంపకము అక్కడనే నిలిచిపోవును. ఎన్నిసార్లు పంపినను అదే చోట ఆగుచున్నచో దోషము టెలిఫోను తీగలో లేదు. ఈ ఆజ్ఞల ఒప్పందములో ఉన్నది. ఆగుట ఒక్కొక్కమారు ఒక్కొక్క చోట జరుగుచున్నచో అప్పుడు తీగను, గరగర శబ్దమును అనుమానింపవలెను.

ఇక మిగిలినది తప్పును పట్టుట. ఇది బోదోకు సాధ్యపడని విషయము. ఆయన 32 కూర్పులకు ఇంచుమించు అన్నిటికిని పని కల్పించినాడు. ఒక సంజ్ఞ చెడినచో మరొక చెల్లుబాటైన అక్షరమే అచ్చగును; తప్పు తప్పువలె కనిపించదు. ఈ లోటును తీర్చుటకు షికాగో వాసియైన వార్డ్ క్రిస్టెన్సెన్ 1977లో ఎక్స్‌మోడెమ్ అను నియమావళిని వ్రాసినాడు. ఫైలును 128 గుర్తుల ముక్కలుగా చేసి, ప్రతి ముక్కకు చివర మొత్తపు లెక్కను జతపరచుట దాని పద్ధతి. అందుకొన్న యంత్రము తానును కూడి చూచి, లెక్క కుదిరినచో సరియనును. కుదరనిచో మరల పంపుమనును. చివరి ముక్క నిండుటకు కొన్ని గుర్తులు అదనముగా చేరును గనుక ఫైలు స్వల్పముగా పెరిగి వచ్చును, దానికి భయపడనక్కరలేదు. కొలంబియా విశ్వవిద్యాలయమున 1981లో పుట్టిన కెర్మిట్, ఏడు బిట్లే నడుచు తీగలపై కూడ ఎనిమిది బిట్ల ఫైళ్ళను నడిపినది. 1986లో వచ్చిన జడ్‌మోడెమ్, తెగిన చోటినుండి పనిని తిరిగి సాగింపగలిగినది. దీని విలువ తెలియవలెనన్నచో ఒక చిన్న లెక్క చాలును. సుమారు లక్ష గుర్తుల ఫైలును 300 బిట్ల మోడెముపై పంపుటకు దాదాపు గంట పట్టును. ఏబదియైదవ నిమిషమున తీగ తెగినచో మొదటినుండి ప్రారంభించుట ఎంతటి శిక్షయో ఊహించుకొనవచ్చును.

మన లిపుల మాట

తెలుగు, ఉర్దూ చదువుకొను మన కళాశాలకు ఈ కథలో ప్రత్యేకమైన భాగము కలదు. 32 కూర్పులలో తెలుగు అక్షరమాల ఇమడదు. ఉర్దూ లిపియు ఇమడదు. అందువలన తంతి వార్త పంపదలచిన మనవారు తమ భాషను రోమను అక్షరములలో వ్రాసి ఇచ్చుకొనవలసివచ్చెడిది. కంప్యూటర్లు వచ్చిన పిదప భారతీయ లిపులకై ఏర్పడిన ఇస్కీ సంకేతమున మన అక్షరములు ఎనిమిదవ బిట్టు వెలిగిన భాగములో స్థానము పొందినవి. ఏడు బిట్లకు ఒప్పుకొన్న తీగపై అట్టి వ్రాతను యథాతథముగా పంపినచో, ఆ ఎనిమిదవ బిట్టు రాలిపోయి, తెలుగు అక్షరములు ఆంగ్ల అక్షరములుగాను, గుర్తులుగాను మారిపోవును. ఇది తీగ చేసిన ద్రోహము కాదు. ఒప్పందము చేసికొన్న వేళ మన భాషకు బల్లవద్ద చోటు లేకపోవుట. 1991లో వెలువడిన యూనికోడ్ సంకేతమున తెలుగునకు, ఉర్దూ వ్రాయు అరబ్బీ లిపికి స్థానము దొరికినది. నేడు మన చేతి ఫోనులలో ఈ రెండు భాషలు ప్రక్కప్రక్కనే నడుచుచున్నవి.

ముగింపు

మన దేశమున టెలిగ్రామ్ సేవ 2013 జూలైలో ముగిసినది. టెలిఫోను మోడెములును చాలవరకు మూలపడినవి. అయినను తీగయున్నను, లేకున్నను, సమాచారము పంపు ప్రతి యంత్రము నేటికిని ఒక లయలో సంజ్ఞలను విడుచుచున్నది. ఆ లయకు ఇంజనీర్లు ఇంకను బాడ్ అను పేరునే వాడుచున్నారు.

విద్యార్థులారా! మీలో అనేకులు మీ కుటుంబములలో కళాశాలకు వచ్చిన మొదటివారు. పెద్ద చదువులు చదివినవారి మధ్య తమ మాట చెల్లునాయని సంకోచించువారు మీలో ఉండవచ్చును. మాన్యో పల్లెలోని రైతుబిడ్డకు ప్రాథమిక విద్యయే లభించినది, ఆరోగ్యము సహకరింపలేదు, శాఖ చేయూత స్వల్పము, పతకము సైతము చేతిలో నిలువలేదు. తాను కూర్చున్న బల్లవద్ద, తన చేతిలోని యంత్రమున, అందరు చూచుచున్న ఖాళీని ఆయన గమనించి, దానిని నింపువరకు విశ్రమింపలేదు. మీరును మీ ప్రయోగశాలలో యంత్రము మొరాయించినపుడు విసుగు చెందక, ఒక్కొక్క ఒప్పందమును వరుసగా పరీక్షింపుడు. తప్పు ఎక్కడనో తప్పక దొరకును. ఆ ఓర్పు మీకు అలవడినచో ఈ వ్యాసము వ్రాసిన మా శ్రమ ఫలించినట్లే.